కాటుక పిడుగులు

పాత సామాన్ల కొట్టు, వెనక గది
ఫిబ్రవరి 3

మామయ్యా,

నువ్వు ఫోన్ ఎత్తవు. ఎత్తినా "ఆఁ? ఆఁ?" అంటావు తప్ప నా మాట ఒక్కటీ నీ చెవిన పడదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. "అందరం క్షేమం" అని ఒక్క ముక్క రాసి తప్పించుకోకు. అడిగినదానికి జవాబు కావాలి.

మా కొట్టు సంగతి నీకు తెలుసుగా. ఇళ్ళు ఖాళీ చేసేవాళ్ళు అక్కర్లేనివన్నీ పెట్టెల్లో కుక్కి మా గుమ్మంలో వదిలేసి పోతారు. వాటిని విప్పి, దులిపి, పనికొచ్చేవి బల్ల మీదికి చేర్చడం నా ఉద్యోగం. మొన్న ఒక పెట్టెలో, మూతల్లేని గిన్నెల కింద, ఒక క్యాసెట్ దొరికింది. అట్ట మీద నలుగురు మగాళ్ళు. కాళ్ళకి అతుక్కుపోయిన చిరుత మచ్చల ప్యాంట్లు. ఒక్కొక్కడి జుట్టు ఇద్దరికి సరిపోయేంత. కళ్ళకి కాటుక, పెదాలకి రంగు. కింద వంకర అక్షరాల్లో "కాటుక పిడుగులు", 1992.

ఎడమవైపు గిటారు పట్టుకుని, ప్రపంచం మీద అలిగినట్టు మూతి ముడిచి నిలబడ్డవాడి ముక్కు మా అమ్మ ముక్కు. నా ముక్కు కూడా అదే.

అమ్మకి చూపించాను. గుడ్డ కత్తిరిస్తున్న కత్తెర సగంలో ఆగిపోయింది. "మీ మామయ్యనే అడుగు" అంది. తర్వాత ఎంత కదిపినా పెదవి విప్పలేదు. అమ్మ మాట్లాడలేదంటే అది చిన్న విషయం కాదని నీకు నేను చెప్పాలా?

ఇప్పటికి నలభైసార్లు విని ఉంటాను. అయిదే పాటలు. ఆ పాడినవాడెవరు మామయ్యా? మూడో పాటలో ఆఖరి పల్లవికి ముందు ఒక కేక పెడతాడు చూడు, కొట్టులోని గాజు గ్లాసులన్నీ సర్దుకు కూర్చున్నాయి. మా సూపర్‌వైజరమ్మ తలుపు తీసి "ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అని అడిగింది.

ఆ గిటారు మనిషి నువ్వేనా? నువ్వే అయితే ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?

నీ మేనకోడలు


లాండ్రీ, బాయిలర్ గది
ఫిబ్రవరి 14

కోడలు పిల్లకి,

అది నేనే. ఒప్పుకున్నాను. ఇక దాన్ని ఆ మూతల్లేని గిన్నెల కిందే పెట్టెయ్.

జుట్టున్న రోజుల్లో మనిషి నానా పనులూ చేస్తాడు. ఇప్పుడు నా తల చూశావుగా, మీ ఇంటి స్టీలు గిన్నె బోర్లించినట్టుంటుంది. పొద్దున ఆరింటికి బాయిలర్ రాజేసి, ఆసుపత్రి దుప్పట్లు ఉడికేదాకా ఆవిరి మీటరు ముల్లు చూస్తూ కూర్చునే మనిషిని. ఈ మనిషిని పట్టుకుని కాటుకేమిటి, పిడుగేమిటి అంటే ఇక్కడివాళ్ళు నవ్విపోతారు.

నువ్వు వదిలిపెట్టే రకం కాదు కాబట్టి కొంచెం చెబుతాను. దాన్ని గ్లామ్ మెటల్ అనేవాళ్ళు. గిటార్లు ఉరమాలి, మగాడు ముస్తాబవ్వాలి, ఊరంతా కలిసి అరవగలిగే పల్లవి ఉండాలి. ఒక నెమ్మది పాట తప్పనిసరి. ప్రతి పాటా చివర్లో ఒక మెట్టు పైకెక్కాలి. జుట్టు నిలబడ్డానికి స్ప్రే డబ్బాలు కొనే స్తోమత లేక పంచదార నీళ్ళు రాసుకునేవాళ్ళం. ఎండలో నిలబడితే చీమలు వెతుక్కుంటూ వచ్చేవి. ప్యాంట్లు కుట్టింది మీ అమ్మే. ఎవరో పారేసిన సోఫా గుడ్డతో. కూర్చుంటే స్ప్రింగు గుచ్చుకుంటుందేమో అని భయమేసేది.

మేం మొదలుపెట్టేసరికే దాని రోజులు అయిపోయాయి. బస్సు వెళ్ళిపోయాక స్టాపుకి పరిగెత్తుకొచ్చినవాళ్ళం మేము. గళ్ళ చొక్కాలు వేసుకుని, నేల చూపులు చూస్తూ, గొణుగుతూ పాడే కుర్రాళ్ళు అప్పటికే వచ్చేశారు. మాలాంటివాళ్ళు రాత్రికి రాత్రే వెటకారమైపోయారు. ఫ్యాషన్ మారింది, మేం ఆపేశాం. అంతే కథ.

పాడినవాణ్ణి చిలక అనేవాళ్ళం. ఇప్పుడెక్కడున్నాడో తెలీదు.

మీ అమ్మని ఎక్కువ విసిగించకు.

మామయ్య


పాత సామాన్ల కొట్టు, వెనక గది
మార్చి 2

మామయ్యా,

"అంతే కథ" అని నువ్వు రాస్తే ఆగిపోవడానికి నేనేమైనా నీ బాయిలర్నా?

దీని వెనక ఎంత ప్రపంచం ఉందో నీకు తెలీదు. నీలాగే బస్సు తప్పినవాళ్ళు, తొంభై, తొంభై ఒకటి, తొంభై రెండుల్లో మూడొందల క్యాసెట్లు వేసుకుని మాయమైపోయిన బ్యాండ్లు ఎన్నో ఉన్నాయి. వాటిని ఇప్పుడు ఏరుకునేవాళ్ళున్నారు. అటకలు, గోదాములు, చచ్చిపోయినవాళ్ళ అల్మారాలు గాలించి, ఒక్కో క్యాసెట్టూ తుడిచి వింటున్నారు. అలాంటి ఒకాయన రేడియోలో వారానికో గంట ఇలాంటి పాటలే వేస్తాడు. మీ క్యాసెట్ గురించి ఆయనకి రాశాను. ఎగిరి గంతేశాడు. ఇలాంటి బ్యాండ్ల పాటలన్నీ కలిపి ఒక రికార్డు వేస్తున్నాడట, మీవి రెండు పెడతానన్నాడు. మీ అందరి సంతకాలూ కావాలి.

ఇంకో సంగతి. మొన్న మా కొట్టుకి ఒక బేస్ గిటారు వచ్చింది, మెడ మీద పెచ్చులూడింది. కొనుక్కున్నాను. మీ అయిదు పాటలూ నేర్చుకుంటున్నాను. నీ పాటల్లో బేస్‌కి పెద్ద పనేం పెట్టలేదు మామయ్యా, అంతా నీ గిటారు మోతే. ఆ వాయించినాయన ఎంత ఓపికమంతుడో.

దీనితో పాటు ఒక టేప్ రికార్డరూ, క్యాసెట్ కాపీ ఒకటీ పంపిస్తున్నాను. విను. విన్నాక ఒక్కటి చెప్పు. మీ చివరి కచేరీ ఎలా ముగిసింది? జరిగింది జరిగినట్టు రాయి.

నీ మేనకోడలు


లాండ్రీ, బాయిలర్ గది
మార్చి 19

కోడలు పిల్లకి,

పార్సిలు అందింది.

విన్నాను అని రాయలేను. నా చెవుల్లో పైస్వరాలన్నీ ఎప్పుడో పోయాయి. సగం ఆ స్పీకర్లు తిన్నాయి, మిగిలిన సగం బాయిలర్ తింది. మొదట చెవికి ఆనించి పెట్టుకున్నాను. ఎవరో దూరంగా ఇసుక జల్లిస్తున్నట్టుంది. విసుగొచ్చి దాన్ని నీళ్ళ ట్యాంకు రేకు మీద పెట్టి, రేకు మీద అరచెయ్యి వేశాను. అప్పుడు దొరికింది. డ్రమ్ము మణికట్టుకి కొడుతోంది. నా గిటారు వేళ్ళ చివర్లకి తగులుతోంది. వేళ్ళు వాటంతటవే కదిలాయి. మూడో పాట సోలోలో ఒక చోట తప్పు వాయించాను, ముప్పై ఏళ్ళ తర్వాత కూడా ఆ చోటు రాగానే చెయ్యి సిగ్గుపడింది.

ఇస్త్రీ దగ్గర పనిచేసే ఆవిడ బుట్ట కిందపెట్టి నా ముందుకొచ్చి, పెదాలు పెద్దగా కదిపి అడిగింది: "ఎవరండీ ఆ పాడేది? ఒళ్ళు జలదరించింది." నా స్నేహితుడు అన్నాను. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు.

బేస్ వాయించినవాడు నాలుగేళ్ళ క్రితం పోయాడు. నిజంగానే ఓపికమంతుడు. డ్రమ్ములవాడు ఉరుము అక్కడే మీ ఊళ్ళో ఉన్నాడు, కుళాయిలు బాగుచేస్తాడు.

చివరి కచేరీ అంటావా? మిల్లు క్యాంటీన్ హాల్లో, సాయంత్రం. నాలుగో పాటకి కరెంటు పోయింది. జనం కాసేపు చూసి వెళ్ళిపోయారు. మేమూ సామాను సర్దుకుని ఎవరింటికి వాళ్ళం వెళ్ళాం. ఆ తర్వాత నాకు ఈ ఊళ్ళో పని దొరికింది, వచ్చేశాను.

రేడియో ఆయనకి నా సంతకం అక్కర్లేదని చెప్పు. పాటలు చిలకవి, వాడినే అడుక్కోమను.

మామయ్య


ఇల్లు, కుట్టుమిషను పక్కన
మార్చి 27

మామయ్యా,

నీ దగ్గర ఒకటి దాచాను. ఇప్పుడు చెబుతున్నాను.

చిలక గారిని నేను ఫిబ్రవరిలోనే కలిశాను. నీ మొదటి ఉత్తరం వచ్చిన మర్నాడు అమ్మ దాన్ని చదివి, నా చేతిలో పెట్టి, "పదకొండో నంబరు బస్సెక్కి డ్రైవరు కళ్ళు చూడు" అంది. ఎక్కాను. ఖాకీ చొక్కా, టోపీ, స్టీరింగు మీద పెద్ద చేతులు. కళ్ళకి కాటుక. తీర్చిదిద్దినట్టు, రెండు కొసలూ పైకి లాగి. ఆ బస్సెక్కే ఊరంతా రోజూ ఆ కళ్ళు చూస్తూనే ఉంది. నేనే ఎప్పుడూ తలెత్తి చూడలేదు.

ఆఖరి స్టాపు దాకా కూర్చుని క్యాసెట్ అట్ట చూపించాను. చాలాసేపు చూశారు. నవ్వితే దవడ ఒక పక్కకే వెళ్తుంది ఆయనకి. నోరు రెండు వేళ్ళు పట్టేంతే తెరుచుకుంటుంది. ఎందుకని అడిగాను. చెప్పారు.

కరెంటు పోలేదు మామయ్యా. ఆ హాల్లో ఏ దీపమూ ఆరలేదు. వెనక తలుపు దగ్గర నీ కోసం నిలబడి ఉంటే తొమ్మిది మంది వచ్చి ఆయన దవడ రెండుచోట్ల విరగ్గొట్టారు. ఆయన నిన్ను ఒక్క మాట అనలేదు. నువ్వు ఎందుకు రాలేదో తనకి తెలీదన్నారు. చివర్లో ఒకటే అడిగారు: "వాడి చెవులెలా ఉన్నాయి? అప్పుడే కుడి చెవి గీపెట్టేది."

ఇదంతా తెలిసే నిన్ను అడిగాను. నీ నోటితో నువ్వే చెబుతావని. నువ్వేమో కరెంటు పోయిందని రాశావు. చిన్నప్పుడు సెలవులకి నీ దగ్గరికొచ్చి నేను పలక పగలగొట్టి పిల్లి మీద పెడితే నువ్వే కదా, "తప్పు చేసినదానికంటే పిల్లి మీద పెట్టినందుకు కొట్టాలి నిన్ను" అన్నావు?

నీ మేనకోడలు


లాండ్రీ
ఏప్రిల్ 1

నాకు పరీక్ష పెడతావా? సెలవులన్నీ నా చేతుల మీద పెరిగిన దానివి, జవాబు ముందే జేబులో పెట్టుకుని నన్ను ప్రశ్న అడుగుతావా? నీకూ మీ అమ్మకూ నేను బోనులో నిలబడాల్సిన మనిషినయ్యానన్నమాట.

టేప్ రికార్డరు తిరిగి పంపిస్తున్నాను. ఇక ఉత్తరాలు రాయకు.


లాండ్రీ, బాయిలర్ గది
ఏప్రిల్ 23

కోడలు పిల్లకి,

రాయొద్దంటే నిజంగానే మానేశావు. మూడు వారాలు. మీ అమ్మ కూతురివనిపించుకున్నావు.

టేప్ రికార్డరు పంపలేదు. ఇంకా ఆ ట్యాంకు మీదే ఉంది.

రాస్తాను. మధ్యలో ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేను, అందుకని ఒక్క బిగిన రాస్తాను.

ఆరోజు వచ్చినవాళ్ళలో సగంమంది మమ్మల్ని వినడానికి రాలేదు, ఆటపట్టించడానికి వచ్చారు. అందరివీ గళ్ళ చొక్కాలే. మొదటి పాటకే ఈలలు, రెండో పాటకి సీసాలు. చిలక ఒక సీసాని గాల్లోనే పట్టుకుని, మూత తీసి, ఉన్న కాసిని నీళ్ళూ తాగి, "ఇంకోటుందా?" అన్నాడు. అలాంటి మనిషి వాడు. అయిదు పాటలూ పాడాం. ఒక్కటీ వదల్లేదు.

తర్వాత, ముఖాలు కడుక్కునే గదిలోకి క్యాంటీన్ వంటాయన వచ్చి చెప్పాడు. "బయట కాచుకుని ఉన్నారు. ఆ రంగులు కడిగేసుకుని ఒక్కొక్కరూ జారుకోండి." ఉరుము, బేస్ వాయించేవాడు అప్పటికే డ్రమ్ములు బండికెత్తడానికి పోయారు. మేమిద్దరమే ఉన్నాం. చిలక అద్దంలో కాటుక సరిచేసుకుంటూ అన్నాడు, "కడగను. ఇద్దరం ఇలాగే పోదాం. వెనక తలుపు దగ్గరుంటా, గిటారు సర్దుకుని రా." సరేనన్నాను. మాట ఇచ్చాను.

వాడు వెళ్ళాడు. నేను అద్దం చూశాను. ఆ క్షణం దాకా ఆ ముఖమంటే నాకు ఎంత గర్వమో! అప్పుడు మాత్రం అది దెబ్బలు పడబోయే ముఖంలా కనిపించింది. బట్టల సబ్బుతో రుద్దాను. కళ్ళు మండిపోయాయి. గిటారు అక్కడే వదిలేశాను. కొక్కేనికి ఎవరిదో గళ్ళ చొక్కా వేలాడుతుంటే తొడుక్కుని, జుట్టు టోపీ కింద దోపి, ముందు తలుపు నుంచి జనంతో కలిసి బయటికొచ్చాను.

ఇంకా ఉంది. మెట్ల మీద ఒకడు నా భుజం తట్టి, "ఆ ఆడంగి వెధవలు ఎటు పోయారు రా?" అని అడిగాడు. నేను నవ్వాను. చెప్పలేదు, చూపించలేదు. నవ్వాను. వాడు కూడా నవ్వాడు. వాడితో పాటు నాలుగడుగులు నడిచాను కూడా.

ఇంటికి వెళ్ళేసరికి మీ అమ్మ మిషను ముందుంది. నా ముఖం చూసి, ఆ చొక్కా చూసి, "చిలకేడి?" అంది. తెలీదన్నాను. అక్క మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నాకు ఒక్క గుండీ కుట్టలేదు.

ఆసుపత్రి గేటు దాకా రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ గేటు నుంచే తిరిగొచ్చాను. తర్వాత ఊరే వదిలేశాను.

నాకు చెవులు పోయాయని అందరూ జాలిపడతారు. ఏం ఫర్లేదనిపించేది. అనాల్సిన మాట ఎవరైనా అన్నా వినపడదుగా అని.

ఇదీ సంగతి. నీకు నా ముఖం చూడబుద్ధి కాకపోతే అర్థం చేసుకుంటాను.

మామయ్య


ఇల్లు, కుట్టుమిషను పక్కన
మే 6

మామయ్యా,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. మిషను ఆపకుండా వింది. అయ్యాక, "ఇప్పటికి రాశాడన్నమాట" అంది. అంతే. నాకు కోపం తగ్గిందా లేదా అని అడగకు, తగ్గుతూ పెరుగుతూ ఉంది. ముఖం మాత్రం చూడాలనే ఉంది.

ఇప్పుడు నా తప్పు విను. ఆ రేడియో ఆయన్ని నమ్మి క్యాసెట్ కాపీ పంపానా, పోయిన శుక్రవారం మీ మూడో పాట వేశాడు. అమ్మా నేనూ పెద్దగా పెట్టుకుని కూర్చున్నాం. పాట సగంలో ఆపి, పక్కనున్నవాడితో కలిసి పడీపడీ నవ్వాడు. చిలక గారి కేక వచ్చినచోట కోడి కూత కలిపాడు. అప్పుడుగానీ తెలీలేదు, ఆ రికార్డు పేరు "ఈకలూడిన కోళ్ళు" అట. నేనిన్నాళ్ళూ అతను ప్రేమతో ఏరుకుంటున్నాడనుకున్నాను. నవ్వుకోవడానికి ఏరుకుంటున్నాడు.

మర్నాడే రైలెక్కి అతని ఆఫీసుకి పోయాను. "సరదా అండీ, ఎవరూ సీరియస్‌గా తీసుకోరు" అన్నాడు. "వాళ్ళు తీసుకున్నారండీ" అన్నాను. "సోఫా గుడ్డతో ప్యాంట్లు కుట్టుకుని, చీమలు కుడుతున్నా జుట్టు నిలబెట్టుకుని, సీసాలు పడుతున్నా అయిదు పాటలూ పూర్తిచేశారు. మీరు జీవితంలో ఒక్క పనైనా అంత సీరియస్‌గా చేశారా?" క్యాసెట్ లాక్కుని వచ్చేశాను.

కానీ నష్టం జరిగిపోయింది. బస్సు డిపోలో ఎవరో ఆ ప్రోగ్రాం విన్నారు. చిలక గారు డ్యూటీ దిగుతుంటే తోటి డ్రైవర్లు కొక్కొరోకో అంటున్నారట. నేను ఏడుస్తూ క్షమాపణ చెప్పబోతే ఆయన చేత్తో ఆపేశారు. "పాటలో ముక్క విని నవ్వుతున్నారు. మొత్తం వింటే ఏం చేస్తారో చూద్దాం" అన్నారు. డిపో వెనక డ్రైవర్ల విశ్రాంతి హాలు ఉందిగా, దాన్ని అడిగి తీసుకున్నారు. జూన్ రెండో ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి. ఉరుము గారు వస్తానన్నారు, నడుముకి పట్టీ వేసుకుని. బేస్ నేను.

గిటారు ఎవరని అడిగాను. "ఆ చోటు ఖాళీగానే ఉంటుంది" అన్నారు. నిన్ను రమ్మన్నారని అబద్ధం చెప్పను. రమ్మనలేదు. ఖాళీగా ఉంటుందని మాత్రమే అన్నారు.

నీ మేనకోడలు


లాండ్రీ, బాయిలర్ గది
మే 17

కోడలు పిల్లకి,

నిన్న మీ ఊరు వచ్చి వెళ్ళాను. ఇంటికి రాలేదని తిట్టుకోకు, ముందు చెయ్యాల్సిన పని వేరే ఉంది.

రైలు దిగి స్టేషన్ స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి కాటుక పెట్టుకున్నాను. గీత చెంప దాకా పోయింది. తుడిచి మళ్ళీ పెట్టాను. పక్కన పళ్ళు తోముకుంటున్నాయన బ్రష్షు నోట్లోనే మర్చిపోయి చూస్తున్నాడు. నమస్కారం పెట్టి బయటికొచ్చాను. పొద్దున పదింటికి, నిండు బజారులో, బట్టతలా కాటుకా వేసుకుని పదకొండో నంబరు స్టాపు దాకా నడిచాను. చూసినవాళ్ళు చూశారు. నవ్వినవాళ్ళు నవ్వారు. వినపడదు కాబట్టి వాళ్ళ నోళ్ళు మాత్రం కదిలాయి.

చిలక నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. "లోపలికి జరగండి" అన్నట్టు చెయ్యి ఊపాడంతే. డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాను. అద్దంలో మా ఇద్దరి కళ్ళూ ఒకదాని పక్కన ఒకటి. ఆఖరి స్టాపు దాకా వెనక్కి తిరగలేదు వాడు.

అందరూ దిగాక ఇంజను ఆపి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. నేనే మొదలుపెట్టాను. "క్షమించమని అడగడానికి రాలేదు. నేను పారిపోయాను. వంటాయన చెప్పాక, నీకు మాటిచ్చాక, ముఖం కడుక్కుని ముందు తలుపు నుంచి పారిపోయాను. నీ గురించి అడిగితే నవ్వాను. అది నీకు నేను చెప్పాలి కదా, వచ్చాను."

వాడు జేబులోంచి ట్రిప్పు కాయితం తీసి, వెనకవైపు రాశాడు. నాకు వినపడదని నువ్వు చెప్పే ఉంటావు. "నిన్ను కూడా ఎక్కడో పడేసి కొట్టారనుకున్నా. మూడు రోజులు మంచం మీద నుంచి నిన్నే అడిగా. నాలుగో రోజు ఎవరో చెప్పారు, నువ్వు బాగానే ఉన్నావని. అప్పుడు అద్దం తెమ్మని కాటుక పెట్టుకున్నా. అప్పట్నుంచి ఒక్క రోజు మానలేదు."

చదివి మడత పెట్టబోయాను. కాయితం లాక్కుని మళ్ళీ రాశాడు. "పాటలు గుర్తున్నాయా?"

"అయిదూ" అన్నాను.

"వినపడకుండా ఎలా వాయిస్తావు?"

"వేళ్ళకి గుర్తున్నాయి. ఉరుము డ్రమ్ము మీద నా కాలు ఆనించుకుంటా."

ఈసారి చాలాసేపు ఆలోచించి రాశాడు. ఆ కాయితం నా జేబులోనే ఉంది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "క్షమించడం సంగతి నేనింకా తేల్చుకోలేదు. తేల్చుకోకపోవచ్చు కూడా. వాయించడానికి అది అక్కర్లేదు. ఆదివారం ఆదివారం రా."

ఇంజను వేశాడు. నన్ను దించమంటాడేమోనని లేచాను. కూర్చోమన్నట్టు తల ఆడించి, తిరుగు ట్రిప్పు మొత్తం తిప్పాడు నన్ను.

అక్కని అడుగు, ప్యాంటు కుడుతుందేమో.

మామయ్య


ఇల్లు, కుట్టుమిషను పక్కన
జూన్ 11

మామయ్యా,

రైలెక్కుతూ అడిగావుగా, "నాకేమీ వినపడలేదు, ఎలా ఉందో నువ్వు నిజం రాయి, మీ అమ్మ మీద ఒట్టు" అని. రాస్తున్నాను. తర్వాత నన్ను అనొద్దు.

మొదటి పాట ఘోరం. నువ్వు ఒక మెట్టు పైన మొదలుపెట్టావు, చిలక గారు కింద అందుకున్నారు, నేను మధ్యలో ఎటూ కాకుండా బిక్కచచ్చిపోయాను. ఉరుము గారొక్కరే సరిగ్గా ఉన్నారు, ఆయనా పాట అయిపోయిన సంగతి చూసుకోకుండా ఇంకాసేపు కొట్టారు. వెనక వరసలో ముగ్గురు డ్రైవర్లు కొక్కొరోకో అన్నారు. నువ్వు వాళ్ళకేసి చూసి నవ్వుతూ వంగి నమస్కారం పెట్టావు. పొగుడుతున్నారనుకున్నావు కదూ? కాదు. కానీ నీ నమస్కారానికి వాళ్ళ నోళ్ళు పడిపోయాయి.

రెండో పాటకి నువ్వు కాలు డ్రమ్ముకి ఆనించావు. అక్కడి నుంచి కాస్త దారిలో పడ్డావు. అమ్మ కుట్టనంది, నువ్వే కుట్టుకున్న ఆ ప్యాంటు కుడివైపు కుట్టు మూడో పాటలో విడిపోయింది. ముందు వరసలో అందరూ చూశారు. నువ్వు చూసుకోలేదు. చిలక గారు చూసి, పాడుతూనే తన మెడలో గుడ్డ తీసి నీ నడుముకి కట్టారే, అది ముస్తాబనుకున్నావా?

ఇక ఆ కేక. చిలక గారి నోరు అంత తెరుచుకోదు కదా. ఆ చోటు వచ్చినప్పుడు ఆయన అక్కడ ఏమీ పెట్టలేదు. కింద గొంతుతో నెట్టుకు రాలేదు, మైకు దూరం పెట్టి నటించలేదు. ఊరికే నిలబడ్డారు. నాలుగు దెబ్బలంత సేపు ఉత్త నిశ్శబ్దం. తర్వాత నీ అరువు గిటారు వచ్చింది. ఆ సోలోలో తప్పు వాయించానని రాశావు చూడు, అక్కడే మళ్ళీ తప్పు వాయించావు. అచ్చంగా క్యాసెట్లో ఉన్నట్టే.

నాలుగోది నెమ్మది పాట. దాని గురించి రాయను. ఆ ముగ్గురు డ్రైవర్లలో ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడని మాత్రం రాస్తాను.

అయిదోది అయ్యాక ఏం జరిగిందో నీకు సరిగ్గా తెలీదనుకుంటాను, అందరూ మళ్ళీ మొదలుపెడితే నువ్వూ మొదలుపెట్టావంతే. వెనక నుంచి ఒకడు అరిచాడు, "మాకు తెలిసిన పాటేదైనా పాడండయ్యా! ఇవెవడికి కావాలి?" కొందరు నవ్వారు. చిలక గారు మైకు దగ్గరికి వచ్చి, ఆ ఒంటిపక్క నవ్వుతో అన్నారు:

"మాకున్నవి అయిదే పాటలు. మీకు తెలియవు కదా? మళ్ళీ మొదటి నుంచి పాడతాం. అప్పుడు తెలుస్తాయి."

జోకనుకుని చప్పట్లు కొట్టారు. ఆయన ఉరుము గారికి తల ఊపారు. పాడాం మామయ్యా, అయిదూ, వరసగా, ఒక్క చరణం మినహాయించకుండా. నలుగురు లేచి వెళ్ళిపోయారు. ఇరవై ఆరుమంది మిగిలారు, నేను లెక్కపెట్టాను. రెండోసారి మొదటి పాటలో నువ్వు శ్రుతి తప్పలేదు. రెండో పాట పల్లవి జనం కూడా అందుకున్నారు, సగం మాటలు తప్పులే.

మూడో పాట వచ్చింది. ఆ చోటు వచ్చింది. ఆయన మళ్ళీ ఊరికే నిలబడ్డారు. ఎవరినీ పాడమని చెయ్యి ఊపలేదు, బతిమాలలేదు. ఆ కాటుక కళ్ళతో వాళ్ళని సూటిగా చూస్తూ నిలబడ్డారు.

ఇరవై ఆరుమందీ కేక పెట్టారు. అమ్మతో సహా.

నీ మేనకోడలు